వదిన ఎవరికి వదిన?

అమలాపురం దగ్గర మా అమ్మమ్మ పుట్టింటి ట్రంకుపెట్టె అడుగున, నలిగిపోయిన పట్టుచీర మడతల మధ్య ఒక ఫొటో దొరికింది. దళసరి అట్టకు అతికించి ఉంది. ముగ్గురు కుర్చీల్లో కూర్చున్నారు, ముగ్గురు వెనక నిలబడ్డారు, ఒక పిల్లవాడు కింద చాప మీద బాసింపట్టు వేసుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. ఏడుగురిలో ఆరుగురిని మా అమ్మ వెంటనే చెప్పేసింది. కుడి చివర నిలబడ్డావిడ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. "పెద్దత్తయ్య అయ్యుంటుందే" అంది కాసేపటికి. ఆ "అయ్యుంటుంది" నాకు నచ్చలేదు.

అట్ట వెనక సిరాతో రెండు వరుసలున్నాయి. "పార్థివ మాఘ బ. పంచమి. కూర్చున్నవారు నాన్నగారు, అమ్మ, అత్తయ్య. నిలుచున్నవారు అన్నయ్య, అక్క, వదిన. కింద నేను." ఏడుగురి గురించి రాసి, ఒక్కరి పేరూ రాయలేదు. ఇంట్లోవాళ్ల కోసం రాసుకున్న రాత అది. ఇంట్లోవాళ్లకి పేర్లు ఎందుకు? రాసినాయన ఉన్నన్నాళ్లూ అది పూర్తి సమాచారమే. ఆయన పోయాక ఆరు బంధుత్వాలూ ఒక "నేనూ" మిగిలాయి, అవి ఎవరి వైపు నుంచి లెక్కో చెప్పేవారు లేరు.

పాత ఫొటోలో మనిషి ఎవరో తేల్చాలంటే మనం ముందుగా చూసేది ముఖం. నిజానికి అది చివర చూడాల్సిన సాక్ష్యం. ఈ ఒక్క ఫొటోతో నేను నెలల తరబడి కుస్తీ పట్టి తెలుసుకున్న సంగతి ఇది.

ముందు తారీఖు. పార్థివ నామ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. అంటే ఈ మాఘం 1886 ఫిబ్రవరిది కావచ్చు, 1946ది కావచ్చు, 2006ది కావచ్చు. పంచాంగం ఇంతవరకే చెబుతుంది. తిథి పక్కన వారం కూడా రాసి ఉంటే లెక్క కట్టి మూడింట్లో ఒకటి ఏరుకోవచ్చు, కానీ రాసినాయన వారం రాయలేదు. ఇక చెప్పాల్సింది కాగితమే.

1850లో బ్లాంకార్-ఎవ్రార్ అనే ఫ్రెంచి ఆయన కోడిగుడ్డు తెల్లసొనను కాగితానికి పూసి దాని మీద ఫొటోలు అచ్చువేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ శతాబ్దం చివరిదాకా ప్రపంచమంతా దాదాపు దీన్నే వాడింది. ఆ కాగితం పల్చగా ఉంటుంది, అట్టకు అతికించకపోతే చుట్టుకుపోతుంది. రంగు గోధుమకు, వంగపండు ఛాయకు మధ్యలో ఉంటుంది. భూతద్దం పెడితే కాగితపు పీచు కనబడుతుంది. తర్వాత వచ్చిన జెలటిన్ కాగితంలో బొమ్మకూ కాగితానికీ మధ్య బెరైటా అనే తెల్లటి పొర ఉంటుంది, అందుకని పీచు కనబడదు. మా ఫొటోలో పీచు లేదు. పైగా ఏటవాలుగా పట్టుకుంటే నల్లని చోట్ల పాదరసం పూసినట్టు నీలి మెరుపు. జెలటిన్ పొరలోని వెండి ఏళ్ల తరబడి గాలికీ తేమకూ కరిగి, పైకి వచ్చి, మళ్లీ లోహంగా పేరుకోవడం వల్ల వచ్చే మెరుపు ఇది. గోదావరి జిల్లాల తేమలో ఇది మరీ తొందరగా వస్తుంది. అంటే 1886 కాదు.

ఇక రెండో చివర. కరెన్సీ నోట్లు సరిచూసే చిన్న అతినీలలోహిత టార్చి బజార్లో దొరుకుతుంది. చీకటి గదిలో దాన్ని ఫొటో కాగితం మీద వేస్తే, 1950ల తర్వాత తయారైన కాగితాలు చాలావరకు నీలంగా వెలుగుతాయి. కాగితం తెల్లగా కనబడాలని కలిపిన ఆప్టికల్ బ్రైటెనర్ల వల్ల ఈ వెలుగు. బట్టల సబ్బుపొడిలో ఉండేదీ ఈ జాతి రసాయనమే. అమెరికాలో లూయీ హైన్ అనే గొప్ప ఫొటోగ్రాఫర్ 1940లో చనిపోయాడు. ఆయన బతికుండగా అచ్చువేసినవంటూ అమ్మిన కొన్ని ప్రింట్లు తర్వాతివని బయటపడింది ఈ వెలుగు పట్టించడం వల్లే. మా ఫొటో టార్చి కింద చలనం లేకుండా, మసకగా ఉండిపోయింది. కాబట్టి 1946 ఫిబ్రవరి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కాగితం వయసు చెబితే బొమ్మ వయసు చెప్పినట్టు కాదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పోయాక గ్రూపు ఫొటోలోంచి ఆ ఒక్క ముఖాన్నీ తీసి, పెద్దది చేయించి, కోటు గీయించి, పటం కట్టించి గోడకు తగిలించేవారు. ఎన్నడూ కోటు వేసుకోని తాతగార్లు అలా కోట్లలో ఉండిపోయారు. ఆ పటం కాగితం 1970లది, ముఖం 1930లది, కోటు స్టూడియో ఆయన కుంచెది. మా ఫొటో అలాంటి నకలు కాదని ఎలా తెలిసింది? అట్ట అంచున ఉబ్బెత్తు ముద్ర ఉంది. సెల్‌ఫోను టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే స్టూడియో పేరు అరిగిపోయినా "కోకనాడ" అన్న ఇంగ్లీషు అక్షరాలు నీడల్లో లేచి నిలబడ్డాయి. కాకినాడను ఇంగ్లీషువాళ్ల కాలంలో రాసిన తీరు అది. ఇలాంటి ముద్రలు కొన్నిసార్లు తారీఖు కంటే బాగా మాట్లాడతాయి. సికింద్రాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు లాలా దీన్ దయాళ్‌కు 1890ల్లో రాజా బిరుదు వచ్చింది. ఆయన అట్టల మీద లాలా ఉందా రాజా ఉందా అన్నది చూస్తే ఫొటో బిరుదుకు ముందుదో తర్వాతదో ఊహించవచ్చు. దగ్గరి కాలానికి వస్తే, స్టూడియో చిరునామాలో పిన్‌కోడు ఉంటే ఆ ఫొటో 1972 ఆగస్టు 15 తర్వాతదే.

ఫొటో తిరగబడిందో లేదో కూడా చూసుకోవాలి. గాజు ప్లేటును తిప్పి పెట్టి అచ్చువేస్తే కుడి ఎడమవుతుంది, అప్పుడు "కుడి చివర ఉన్నావిడ" అన్న లెక్కే తారుమారు. మనకు దీనికి రెండు మంచి గుర్తులున్నాయి. ఆడవాళ్ల పైట, మగవాళ్ల జంధ్యం. రెండూ ఎడమ భుజం మీదే ఉండాలి. ముత్తాతగారి జంధ్యం సరిగ్గానే ఉంది.

ఇప్పుడు ఆవిడ దగ్గరికి వద్దాం.

మా అమ్మ ఊహించిన పెద్దత్తయ్య, అంటే అమ్మమ్మ అన్నగారి భార్య, పచ్చటి మనిషి అని ఇంట్లో ప్రతీతి. ఫొటోలో ఉన్నావిడ నల్లగా ఉంది. "నల్లగా ఉంది కాబట్టి ఆవిడ కాదు" అన్నారు ఒకరు. "ఫొటోలో అందరూ నల్లగానే ఉంటారు" అన్నారు ఇంకొకరు. రెండోవారి మాటలో ఎంత శాస్త్రం ఉందో వారికి తెలియదు.

తొలినాటి ఫొటో రసాయనాలకు నీలం, ఊదా వెలుగే తెలిసేది. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త కొన్ని అద్దకపు రంగులు కలిపితే పచ్చ, పసుపు వెలుగులు కూడా పట్టుకోవచ్చని కనిపెట్టాడు. అలా వచ్చినవి ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లు. వీటికి ఎరుపు మాత్రం కనబడదు. ఎరుపునూ చూసే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906 నాటికే అమ్మకానికి వచ్చినా, వాటిని కటిక చీకట్లో కడగాలి. ఎర్రదీపం వెలుగులో చూసుకుంటూ పనిచేయడానికి అలవాటుపడిన స్టూడియోలు పాతవాటినే చాలాకాలం వాడాయి. ఎరుపు కనబడని ప్లేటు మీద మన జీవితం ఎలా పడుతుందో ఊహించండి. కుంకుమబొట్టు నల్లచుక్క. ఎర్రంచు చీర నల్లంచు చీర. తాంబూలం పండిన పెదవులు కాటుక రాసినట్టు. లేత నీలం చీర తెల్లచీర. మన చర్మం నుంచి వచ్చే వెలుగులో ఎరుపు పాలే ఎక్కువ కాబట్టి ఛాయ రెండు మెట్లు దిగిపోతుంది. ఆ తర్వాత స్టూడియో ఆయన నెగెటివ్ మీద మెత్తని పెన్సిలుతో సరిదిద్ది, పెళ్లికూతురు ముఖాన్ని తెల్లబరుస్తాడు, వెనక నిలబడ్డవాళ్లను అలాగే వదిలేస్తాడు. కాబట్టి పాత ఫొటోలో చామనఛాయా, పసిమిఛాయా అన్న వాదనకు విలువ లేదు. "తెల్లచీర కట్టింది కాబట్టి అప్పటికే భర్త పోయాడు" అని తీర్పు చెప్పడం ఇంకా ప్రమాదం. అది లేత నీలం చీర అయ్యుండవచ్చు.

ఈ చూపులేనితనమే నాకు ఒక చోట సాయం చేసింది. పెద్ద ప్లేటు నుంచి నేరుగా అచ్చువేసిన ఫొటోల్లో మనం ఊహించనంత వివరం దాగి ఉంటుంది. ఒక సెంటీమీటరు వెడల్పున్న ముఖాన్ని అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 470 చుక్కల వెడల్పు వస్తుంది. అలా చేసి ఆవిడ మెడ దగ్గరికి వెళ్లాను. కాసులపేరు కింద ఒక సన్నని నల్లటి గీత పైటలోకి దిగుతోంది. నల్లపూసలా? పూసలైతే మెరుపు చుక్కలు కనబడాలి. ఇది నున్నగా, పేనినట్టుంది. పసుపుతాడు. పసుపు నీలి వెలుగును పీల్చేస్తుంది, ఈ ప్లేట్లేమో మిగతా వెలుగుల కంటే నీలాన్నే ఎక్కువ చూస్తాయి, అందుకే ఇలాంటి ప్లేట్ల మీద కొత్తగా పసుపు రాసిన తాడు ముదురుగా పడుతుంది. అంటే 1946 మాఘం నాటికి ఆవిడకు పెళ్లయింది.

పెద్దత్తయ్య పెళ్లి శుభలేఖ అదే పెట్టెలో ఉంది. సర్వజిత్తు నామ సంవత్సరం, వైశాఖం. అంటే 1947. పార్థివ తర్వాత వ్యయ, ఆ తర్వాత సర్వజిత్తు. ఫొటో తీసిననాటికి పెద్దత్తయ్య ఇంకా ఆ ఇంటి కోడలు కాలేదు, ఎవరికీ వదినా కాలేదు.

మరి ఈ వదిన ఎవరు? అన్నగారి భార్య వదిన. అంతటితో ఆగదు. మేనత్త కూతురో, మేనమామ కూతురో తనకంటే పెద్దదైతే ఆమే వదిన. భార్యకు అక్క అయినా వదినే. ఇంగ్లీషులో ఈ ముగ్గురికీ ఒకే మాట లేదు, మనకు ఉంది, అక్కడే ముడి పడింది. ముందు రాసిందెవరో తేలాలి. "నేను" అన్నది కింద కూర్చున్న పిల్లవాడు. పెట్టెలోనే ఉన్న పాత పోస్టుకార్డుల్లో మా అమ్మమ్మ తమ్ముడు, చిన్నతాతయ్య చేతిరాత ఉంది. "క్ష" కింద తోకను ఆయన కుడికి లాగి సున్నా చుడతారు. ఫొటో వెనక "పక్ష" అని రాయలేదు గానీ, "త్త" ఒత్తూ "ద" పొట్టా అచ్చం అవే. ఆయనే. అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు, పెళ్లి కాలేదు, కాబట్టి భార్య అక్క అన్న అర్థం పోయింది. మిగిలింది మేనరికపు వదిన. ఇప్పుడు ఫొటోను మళ్లీ చూడండి. ఆవిడ ఎడమచెయ్యి ముందున్న కుర్చీ వీపు మీద ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నది ముత్తమ్మమ్మ కాదు, "అత్తయ్య". తల్లి కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డ కూతురు.

ఇంతవరకూ నేను ముఖం ఊసెత్తలేదు. కావాలనే.

ముఖాలను పోల్చడంలో మనకున్న ధీమా చాలావరకు అపోహ. తెలిసిన ముఖాల విషయంలో మనం అద్భుతంగా చూస్తాం. తెలియని ముఖాల విషయంలో దాదాపు తప్పటడుగులే. 2011లో రాబ్ జెంకిన్స్ బృందం ఒక ప్రయోగం చేసింది. 40 ఫొటోలు కలిపి ఇచ్చి, ఒక్కో మనిషివి ఒక్కో కుప్పగా పెట్టమన్నారు. నిజానికి అందులో ఉన్నది ఇద్దరే, నెదర్లాండ్స్‌లో పేరున్న ఇద్దరు ఆడవాళ్లు, ఒక్కొక్కరివి 20 ఫొటోలు. వాళ్లను ఎరగని బ్రిటిష్‌వాళ్లు సగటున ఏడెనిమిది కుప్పలు పెట్టారు. నెదర్లాండ్స్‌వాళ్లు చాలామంది తడుముకోకుండా రెండే పెట్టారు. 2014లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులకు పరీక్ష పెడితే, ఎదురుగా నిలబడ్డ మనిషి చేతిలో వేరేవాళ్ల ఫొటో ఉన్నా నూటికి 14 సార్లు సరేనన్నారు. అదే వృత్తిగా చేసేవాళ్ల సంగతి ఇది. తెలియని ముఖాన్ని చూసేటప్పుడు మనం కళ్లూ ముక్కూ కంటే జుట్టునీ ముఖపు అంచునీ ఎక్కువ పట్టుకుంటామని కూడా పరిశోధనల్లో తేలింది. మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్న ఏడాది తీసిన ఫొటోలో అంతగా ఎరగని దూరపు బంధువును పోల్చుకోలేకపోవడానికి కారణం అదే.

చెవి కాస్త నమ్మదగినది. దాని మడతల తీరు చిన్నతనంలోనే స్థిరపడుతుంది. 19వ శతాబ్దం చివర పారిస్ పోలీసు శాఖలో బెర్టిల్యాన్ నేరస్థుల చెవులను విడిగా వర్ణించి పెట్టడానికి కారణం అదే. అయితే వయసుతో చెవి పొడుగవుతుంది, బరువు కమ్మలు పెట్టిన తమ్మె ఇంకా జారుతుంది. మన అమ్మమ్మల విషయంలో తమ్మెను వదిలేసి పైమడతను చూడాలి.

ఇక పోలికలు. "అచ్చం మేనత్త పోలికే" అనడం మనకు అలవాటు, అందులో నిజమూ ఉంటుంది. కానీ మేనరికాలున్న ఇళ్లలో ఈ సాక్ష్యం తనను తానే దెబ్బతీసుకుంటుంది. అక్క కూతుర్ని చేసుకుంటే భార్యాభర్తల జన్యువుల్లో సుమారు నాలుగో వంతు ఉమ్మడివే. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే ఎనిమిదో వంతు. రెండు మూడు తరాలు అలా నడిచిన ఇంట్లో ఒకే ముక్కు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ముక్కు చూసి ఇటువైపు మనిషా అటువైపు మనిషా అని చెప్పలేం.

సెల్‌ఫోను సంగతీ చూశాను. ఆల్బంలో ముఖాలను గుంపులు చేసే సాఫ్ట్‌వేర్ ప్రతి ముఖాన్నీ కొన్ని అంకెల వరసగా మారుస్తుంది. 2015లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ఫేస్‌నెట్ పద్ధతిలో అవి 128 అంకెలు. రెండు వరసలు దగ్గరగా ఉంటే ఒకే మనిషి అంటుంది. నా ఫోను ఆ వదినను తీసుకెళ్లి మా అమ్మ ఫొటోల గుంపులో కలిపేసింది. రక్తసంబంధీకుల అంకెలు దగ్గరగానే ఉంటాయి మరి. 2019లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ జరిపిన పరీక్షల్లో, వేరువేరు మనుషులను ఒకరేనని చెప్పే పొరపాటు కొన్ని దేశాల ముఖాల విషయంలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా కనబడింది. ఆడవాళ్ల విషయంలో, పిల్లల విషయంలో, ముసలివాళ్ల విషయంలో కూడా ఈ తప్పు ఎక్కువే. అయినా గుంపులు చేయడం పనికొస్తుంది. ఎవరిని అడగాలో, ఏ ఫొటో పక్కన ఏ ఫొటో పెట్టాలో సూచిస్తుంది. నేను గట్టిగా వద్దనేది ముఖాన్ని "స్పష్టం" చేసే యాప్‌లను. అవి ఉన్నదాన్ని శుభ్రం చెయ్యవు. లక్షల ముఖాల్లో చూసినదాన్ని బట్టి ఇక్కడ ఏముంటే బాగుంటుందో గీస్తాయి. మా వదినకు అది కొత్త కనుబొమ్మలు ఇచ్చింది. అందంగానే ఉన్నాయి, ఆవిడవి కావు.

చివరికి నేను వెళ్లింది మా అమ్మమ్మతో గవ్వలాడిన పక్కింటి మామ్మగారి దగ్గరికి. వయసు 92. ఆ ఫొటో తీసేనాటికి ఆవిడకు పదమూడేళ్లు. పది నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవి ముసలితనంలో మిగతా కాలం కంటే బాగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు చూశారు. 1975లో బాహ్రిక్ బృందం అమెరికాలో వందలమందిని పరీక్షించింది. బడి వదిలి 34 ఏళ్లయినవాళ్లు కూడా తోటి విద్యార్థుల ముఖాలను నూటికి 90 దాకా గుర్తుపట్టారు, పేర్లు తలుచుకుని చెప్పమంటే మాత్రం తడబడ్డారు. ఇంకో చిత్రమైన ప్రయోగం ఉంది. ఒకే మాటను ఇంటిపేరుగా చెబితే మరిచిపోయేవాళ్లు, వృత్తిగా చెబితే గుర్తుపెట్టుకున్నారు. పేరుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వృత్తికి కథ ఉంటుంది.

అందుకే మామ్మగారిని "ఈవిడ ఫలానా ఆవిడ కూతురే కదా" అని అడగలేదు. అలా అడిగితే పెద్దవాళ్లు మన మాట కాదనలేక అవునంటారు, కాసేపటికి వాళ్లకే అది నిజమైన జ్ఞాపకంలా అనిపిస్తుంది. ఫొటోను ఒళ్లో పెట్టి ఊరుకున్నాను.

మామ్మగారు కుర్చీల వరుస మీదుగా వేలు జరిపి, వెనక వరుసలో చివరికి వచ్చి ఆగారు.

"రంగం పిల్ల" అన్నారు.

"ఏంటి మామ్మగారూ?"

"రంగం నుంచి నడిచొచ్చింది కదమ్మా, బాంబులు పడ్డప్పుడు. కాళ్లు పుళ్లు పడిపోయి వచ్చింది. మీ ముత్తాతగారి చెల్లెలి కూతురు. పేరు నోట్లో ఆడుతోంది, రావట్లేదు."

రంగం అంటే రంగూన్. గోదావరి, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా తెలుగువాళ్లు బతుకుతెరువుకు బర్మా వెళ్లారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, 1942లో లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, దారిలో వేలమంది పోయారు. మా ఇంట్లో ఆ కథ ఎవరూ చెప్పలేదు.

మామ్మగారు మళ్లీ ఫొటో చూసి నుదురు చిట్లించారు. "ఆవిడకి గడ్డం మీద పచ్చబొట్టుండాలమ్మా. ఇందులో లేదే."

నా గుండె జారింది. తర్వాత ఆ ప్లేటు సంగతి గుర్తొచ్చింది. పచ్చబొట్టు నీలిపచ్చగా ఉంటుంది. ఎరుపు చూడని ప్లేటు చర్మాన్ని నల్లబరుస్తుంది, నీలిపచ్చను తేలిక చేస్తుంది, చివరికి రెండూ ఒకే ఛాయలో కలిసిపోతాయి. న్యూజిలాండ్ మావోరీల ముఖాల నిండా ఉండే పచ్చబొట్లు 19వ శతాబ్దపు ఫొటోల్లో చాలాచోట్ల మాయమైపోయింది ఇందుకే. ఇంటికొచ్చి స్కాన్‌లో గడ్డం దగ్గర వెలుగునీడల తేడా పెంచి చూశాను. ఉందా లేదా అన్నట్టు మూడు చుక్కలు, ముగ్గులో వేసినట్టు. దాని మీద నేను ప్రమాణం చెయ్యను. పసుపుతాడూ, శుభలేఖా, కుర్చీ మీది చెయ్యీ, మామ్మగారి మాటా ఒకే వైపు చూపిస్తున్నాయి, ఈ చుక్కలు వాటికి అడ్డు రావడం లేదు. నాకు అది చాలు.

కాసులపేరు సంగతి కూడా మామ్మగారే చెప్పారు. అది మా అమ్మమ్మదే. ఫొటో కోసం ఆ పూటకి వదిన మెడలో వేశారట, ఆవిడ బంగారం దారిలోనే పోయిందని.

మర్నాడు పొద్దున్నే మామ్మగారి మనవరాలు ఫోన్ చేసింది. "అమ్మమ్మకి రాత్రి రెండింటికి పేరు గుర్తొచ్చిందట. మీకు చెప్పేదాకా కాఫీ తాగనంటోంది." నేను 2బీ పెన్సిలు తీసుకుని అట్ట వెనక, చిన్నతాతయ్య రాసిన "వదిన" కింద, నొక్కకుండా ఆ పేరు రాశాను. పక్కనే బ్రాకెట్లో, ఎవరు చెప్పారో, ఏ తారీఖున చెప్పారో.